యంత్రము కట్టిన కృతి



ఒక మహానుభావుని శైలిని మరియొకరు పట్టుకొని, ఆయన వ్రాసినట్లే వ్రాయగలరా? వ్రాసినచో ఆ రచన యెవరిదగును? ఈ ప్రశ్న మన నెల్లూరు సీమకు క్రొత్తది కాదు. పదునొకండవ శతాబ్దమున నన్నయభట్టు మహాభారతమును తెనిగింప నారంభించి, ఆరణ్యపర్వమును నడుమ విడిచిపోయెను. పదుమూడవ శతాబ్దమున మన నెల్లూరి తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములు రచించెనే కాని, ఆ మిగిలిన ఆరణ్యపర్వశేషము జోలికి పోలేదు. పదునాలుగవ శతాబ్దమున, గుడ్లూరివాడని ప్రసిద్ధి చెందిన ఎఱ్ఱాప్రగడ ఆ కొఱతను తీర్చెను. నన్నయ శరద్రాత్రులను వర్ణించుచు నిలిపినచోట, ఎఱ్ఱన శరద్దివసములను వర్ణించుచు అందుకొనెను. నన్నయ నడకతో ఆరంభించి మెల్లమెల్లగా తిక్కన నడకకు చేరువ చేసెననియు, అతుకు కంటికి కనబడదనియు మన విమర్శకులు చెప్పుదురు. అంతటి నేర్పుతో పరుల శైలిని పోషించినవాడు పర్వాంతమున మాత్రము తన పేరు చెప్పుకొని, ఈ శేషమును నన్నయ రచనయే యనిపించునట్లు పూరించినది తానేయని తెలిపెను. ఈ తుదిమాటను జ్ఞాపకముంచుకొన వేడుచున్నాను. దీనితో మనకు ముందు పని కలదు.

నేడు నేను ముచ్చటింపదలచిన విషయము ఇట్టి అనుకరణమే. అయితే ఇచ్చట అనుకరించునది కవి కాదు, గాయకుడు కాదు, కంప్యూటరు. గతించిన వాగ్గేయకారుల కృతులను దానికి అప్పగించినచో, వారి బాణీలో క్రొత్త కృతులను అది కట్టుచున్నది. ఇది సాధ్యమా యని సందేహించు కాలము గడచిపోయినది. సాధ్యమైనదానిని మన మేమి చేయవలె ననునదియే మిగిలిన ప్రశ్న.

పాశ్చాత్యదేశములలో ఈ ఊహ చాల పాతది. 1792వ సంవత్సరమున, అనగా మోట్సర్టు అను మహావిద్వాంసుడు మరణించిన మరుసటి యేట, ఆయన పేరుతో ఒక సంగీతపు పాచికలాట అచ్చుపడెను. అందు 176 చిన్నచిన్న సంగీత ఖండములు కలవు. రెండు పాచికలు వేసి, పడిన పందెమునుబట్టి ఒక్కొక ఖండమును ఏరుకొనుచు పదునారు మారులు ఆడినచో ఒక పాట సిద్ధమగును. రెండు పాచికలకు పదునొకండు పందెములు, పదునారు స్థానములు. పదునొకంటిని పదునారుమారులు హెచ్చవేయగా వచ్చు సంఖ్యకు పదునేడు అంకెలుండును. ఒక మానవుడు జన్మమంతయు రాత్రింబవళ్లు పాడినను అందులో అణుమాత్రమైనను ముగియదు. అయితే ఆ యాట మోట్సర్టు కల్పించినదే యని నిరూపించు ఆధారము నేటికిని లేదు. గతించిన గొప్పవాని పేరు పెట్టినచో సరకు అమ్ముడుపోవునని ప్రచురణకర్తలు ఆనాడే యెఱుగుదురు. దీనిని కూడ జ్ఞాపకముంచుకొనుడు.

1843లో ఇంగ్లండు దేశమునందు అడా లవ్‌లేస్ అను విదుషీమణి, బాబేజి అను శాస్త్రజ్ఞుడు తలపెట్టిన గణనయంత్రమునుగూర్చి వ్యాఖ్యానము వ్రాయుచు, స్వరములకుగల పరస్పర సంబంధములను గణితభాషలో చెప్పగలిగినచో ఆ యంత్రము సంగీతమును సైతము రచింపగలదని సూచించెను. ఆ యంత్రము పూర్తిగా నిర్మింపబడనే లేదు. ఆమె ఊహ నిజమగుటకు నూరేండ్లకు పైగా పట్టెను. 1957 ప్రాంతమున అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున హిల్లరు, ఐజాక్సను అను నిరువురు ఇలియాక్ అను కంప్యూటరుచేత నాలుగు తంత్రీవాద్యములకు ఒక రచన చేయించిరి. వారి పద్ధతి మన ఇండ్లలో బియ్యము జల్లించునట్టిది. యంత్రము గ్రుడ్డిగా స్వరములను గుప్పించును, పాతకాలపు సంగీత లక్షణగ్రంథములందలి నియమములు జల్లెడవలె పనిచేసి తప్పులను దిగవిడుచును, మిగిలినదియే పాట.

ఆ తరువాత 1981 మొదలుకొని డేవిడ్ కోప్ అను అమెరికా సంగీతజ్ఞుడు మరియొక త్రోవ త్రొక్కెను. ఈయన 1941లో జన్మించి 2025లో మరణించెను. ఒక వాగ్గేయకారుని కృతులన్నిటిని ముక్కలుగా కోసి, మరల మరల వచ్చు పట్టులను, అనగా ఆ రచయిత చేతివ్రాలువంటి సంచారములను గుర్తించి, వానిని చెడగొట్టక తక్కిన ముక్కలను క్రొత్తవరుసలో కూర్చుట ఆయన పద్ధతి. 1997లో ఆరెగన్ విశ్వవిద్యాలయమున ఒక పరీక్ష జరిగెను. పియానోమీద మూడు రచనలు వాయింపబడినవి: జర్మనీ దేశపు బాఖు రచన యొకటి, అచ్చటి ఆచార్యుడైన స్టీవ్ లార్సన్ బాఖుబాణీలో చేసిన దొకటి, కోప్ యంత్రము చేసినది యొకటి. సభికులు యంత్రరచనను బాఖుదనిరి. ఆచార్యుని రచనను యంత్రముదనిరి. ఆ ఆచార్యునికి కలిగిన మనస్తాపమును నేను ఊహింపగలను. మఱియొకప్పుడు కోప్ తన యంత్రమును నడుపనిచ్చి భోజనమునకు పోయి వచ్చునప్పటికి అది బాఖుబాణీలో అయిదువేల పాటలు కట్టిపెట్టినదట.

2016లో పారిసునందలి సోనీ పరిశోధనాలయమువారు బాఖు నాలుగుగొంతుల ప్రార్థనాగీతములను మాత్రము యంత్రమునకు నేర్పి, అది కట్టిన గీతములను పెక్కుమందికి వినిపించిరి. వినినవారు వానిని బాఖువే యని సుమారు సగము సారులు పొరపడిరి. నిజముగా బాఖు వ్రాసినవానిని సైతము ముక్కాలు వంతు సారులే బాఖువని గుర్తింపగలిగిరి. 2021 అక్టోబరు 9వ తేదీన జర్మనీలోని బాన్ నగరమున, బేటోవెను చిత్తుప్రతులలో విడిచిపోయిన పదవ సింఫనీని యంత్రసహాయముతో పూరించి వినిపించిరి. మన ఆరణ్యపర్వశేషపూరణమునకు వారి దేశపు ఉదాహరణ మిది.

యంత్రము ఈ పని ఎట్లు చేయునో సులభమైన నిదర్శనముతో చెప్పెదను. మోహనరాగమును తీసికొందము. అందు స, రి, గ, ప, ద అను స్వరములే కలవు. మోహనములోని కృతులను కొన్నింటిని స్వరపఱచి యంత్రమున కిచ్చితిమి. గాంధారము తరువాత పంచమము ఎన్నిమారులు వచ్చినది, రిషభము ఎన్నిమారులు వచ్చినది, గాంధారమే నిలిచిన దెన్నిమారులు అని అది లెక్క కట్టుకొనును. తరువాత ఆ లెక్కల ననుసరించి పాచికలు వేయుచు పోవును. 1913లో రష్యా దేశమునందు మార్కొవ్ అను గణితవేత్త పుష్కిను మహాకవి కావ్యములోని ఇరువదివేల అక్షరములను ఇట్లే లెక్కించి, అచ్చు తరువాత హల్లు, హల్లు తరువాత అచ్చు ఎన్నివంతులు వచ్చునో చూచెను. ఒక్క స్వరమునే వెనుదిరిగి చూచు యంత్రము తడబడును. రెండు, మూడు, నాలుగు స్వరముల వెనుకకు చూచునది నయము. నేటి యంత్రములు వేలకొలది స్వరముల వెనుకకు చూడగలవు. ఏ స్వరమునకు ఏ దూరపు స్వరముతో చుట్టఱికమో లక్షలకొలది అంకెలుగా తమలో వ్రాసికొనగలవు. మూలసూత్ర మొక్కటే: విన్నదానినిబట్టి వినబోవుదానిని ఊహించుట.

ఇట్టి లెక్కలను చూచి మనవారు ముక్కుమీద వేలు వేసికొన నక్కఱలేదు. దేవగిరి యాదవుల కొలువున పదుమూడవ శతాబ్దమున సంగీతరత్నాకరమును రచించిన శార్ఙ్గదేవుడు, ఏడు స్వరములను వరుస మార్చుచు పోయినచో 5040 కూటతానము లేర్పడునని చెప్పి, అందు ఫలానా తానము ఎన్నవదో, ఫలానా సంఖ్యగల తానము ఏదో కనుగొను విధమును సైతము బోధించెను. వేంకటమఖి పదునేడవ శతాబ్దమున మేళకర్తలను డెబ్బదిరెండుగా తేల్చినదియు గణితమే: రి-గలకు ఆరు జతలు, ద-నిలకు ఆరు జతలు, మధ్యమములు రెండు, ఆరార్లు ముప్పదియారు, దానికి రెట్టింపు డెబ్బదిరెండు. ధీరశంకరాభరణమని పేరు చెప్పగనే కటపయాదిసూత్రమున ధీ తొమ్మిది, రా రెండు; త్రిప్పి చదివిన ఇరువదితొమ్మిది యని మా శిష్యులు వ్రేళ్లమీద చెప్పుదురు. కాబట్టి సంగీతమును లెక్కించుట అపచారము కాదు. ఆ లెక్క ఎంతవరకు తీసికొనిపోవును, ఎచ్చట మనలను విడిచిపెట్టును అని తెలిసికొనవలె నంతే.

వేంకటమఖి డెబ్బదిరెండు గదుల ఇల్లు కట్టెను. ఆ గదులలో దీపములు పెట్టినవారు వేరు. మన కాలమున మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు చిన్నవయసుననే డెబ్బదిరెండు మేళకర్తలయందును కృతులు రచించిరి. మేళముల పట్టిక అందఱియెదుటను ఉన్నదే. పట్టికనుండి కృతి తనంత తాను పుట్టదు.

లెక్క మనలను విడిచిపెట్టు తావు ఒకటి చూపెదను. ఆరభి, దేవగాంధారి అను రాగములు రెండింటికిని ఆరోహణ సరిమపదస, అవరోహణ సనిదపమగరిస. కాగితముమీద ఈ రెండును ఒకటే. గాయకుని గొంతున మాత్రము ఒకదానికొకటి పోలిక లేదు. ఆరభి చురుకైనది, తిన్ననిది; దేవగాంధారి విలంబముగా, ఊగుచు, వ్రాలుచు నడచును. సాధించెనే యను పంచరత్నకీర్తనను, క్షీరసాగరశయన యను కృతిని విన్నవారికి ఈ మాట వివరింప నక్కఱలేదు. తోడి రాగమునందలి గాంధారము మఱియొక నిదర్శనము. వ్రాతలో అది 'గ' యను ఒక్క అక్షరము; గొంతులో అది ఒకచోట నిలువక ఊగులాడు ఒక చలనము. ఈ గమకములను వ్రాతలోనికి దింపుటకై సుబ్బరామదీక్షితులు 1904లో ఎట్టయపురమునుండి ప్రకటించిన సంగీతసంప్రదాయప్రదర్శినియందు ప్రత్యేకముగా గుర్తులు కల్పించిరి. ఆ మహాగ్రంథము తెలుగులిపిలోనే అచ్చుపడినది. మన కాలమున ఎం. సుబ్రహ్మణ్యంగారు 'గాయక' యను కంప్యూటరు ప్రోగ్రామును రూపొందించి, గమకములతో కూడ స్వరములను వ్రాసియిచ్చినచో యంత్రము వాయించునట్లు చేసిరి. 2011లో బార్సిలోనా నగరమందలి విశ్వవిద్యాలయమువారు ఆరంభించిన కాంప్‌మ్యూజిక్ అను పరిశోధనయందు మదరాసు ఐ.ఐ.టి. విద్వాంసులును పాల్గొని, కర్ణాటక కచేరీల ధ్వనులనుండి శ్రుతిని, రాగమును, తాళమును యంత్రము గుర్తించు మార్గములు వెదకిరి. నేటి యంత్రములు కాగితమును విడిచి ధ్వనినే విని నేర్చుకొనుచున్నవి గనుక, గమకము వానికి ఎన్నటికిని అందదని నేను పందెము కాయను.

కాని మఱియొక చిక్కు కలదు. బాఖు గీతములను యంత్రమునకు నేర్పినవారియొద్ద సుమారు 370 గీతములు అచ్చుప్రతులలో స్థిరముగా నున్నవి. త్యాగరాజస్వామివారి కృతులు నేడు సుమారు 700 లభించుచున్నవి. స్వామి పాడిరి, శిష్యులు నేర్చుకొనిరి. వాలాజాపేట, ఉమయాల్పురము, తిల్లైస్థానము అను శిష్యపరంపరలు మూడు ఏర్పడినవి. ఒకే కృతికి ఒకచోట సంగతులు తక్కువ, మఱియొకచోట ఎక్కువ. ఒక్కొకచోట రాగమే వేరు. నూఱేండ్లు ఎందఱో విద్వాంసుల గొంతులలో నలిగి, మెఱుగెక్కి, అవి మనకు చేరినవి. కావున త్యాగరాజబాణీని నేర్చితినని యంత్రము చెప్పినచో, ఏ త్యాగరాజుబాణీ యని మనము అడుగవలెను. అది నేర్చినది స్వామి ఒక్కరిని కాదు. స్వామి తరువాత పాడినవారందఱి గొంతులను. ఆ గొంతుల యజమానులలో ఒక్కరికిని అందు పేరు లేదు, పైకము లేదు. 2024 జూను నెలలో అమెరికాలోని పెద్ద గ్రామఫోను సంస్థలు, మాట చెప్పినంతనే పాట చేసియిచ్చు సూనో, యూడియో అను రెండు సంస్థలపై, మా పాటలను అడుగకయే మీ యంత్రమునకు నేర్పితిరని వ్యాజ్యములు వేసినవి. పెద్ద సంస్థలకు న్యాయస్థానము కలదు. పల్లెలో పాట నేర్పి గతించిన గురువునకు ఎవరు కలరు?

ఇక మా ఊరి సంగతి చెప్పెదను. నేను పెన్నకు ఉత్తరముగా కొడవలూరులో కాపురముండి, పిల్లలకు పాట నేర్పుచుందును. చుట్టును వరిమళ్లు, ఒకప్రక్క రైలుదారి, ఒకప్రక్క మదరాసు-కలకత్తా రహదారి. శ్రీరామనవమి పందిరిలో హార్మోనియము, మృదంగము, చిడతలతో భజన జరుగును. క్రిందటి నవమికి ముందు నా శిష్యుడొకడు, కాలేజీలో చదువుచున్నవాడు, ఫోనులో ఒక కీర్తన తెచ్చి వినిపించెను. మోహనరాగము, ఆదితాళము; పల్లవి, అనుపల్లవి, చరణము; చరణాంతమున త్యాగరాజనుత యని ముద్ర. తానే యంత్రముచేత చేయించితినని వాడు దాచక చెప్పెను. పల్లవి వినగానే నాకు నచ్చెను. ఎత్తుగడ తాళములో చక్కగా కూర్చున్నది. పరరాగచ్ఛాయ యెక్కడను లేదు.

ఆ కీర్తనను నలుగురు పిల్లలచేత వారముదినములు పాడించి పరీక్షించితిని. యంత్రము పల్లవికి అయిదు సంగతు లిచ్చినది. ఒక్కొక్కటి వేఱుగా విన్నచో ఇంపుగనే యున్నది. రెండవదానిని నాలుగవచోట, నాలుగవదానిని రెండవచోట పెట్టి పాడించితిని. ఏ నష్టమును కలుగలేదు. స్వామి కృతిలో ఈ పని చేయజాలము. అచ్చట మొదటి సంగతి విత్తనము, రెండవది మొలక, మూడవది కొమ్మ; కొమ్మనుండి మొలక పుట్టదు. యంత్రము అయిదు పూలను ఒక దారమున గ్రుచ్చినది, చెట్టు పెంచలేదు. సాహిత్యమున ద్వితీయాక్షరప్రాస పల్లవినుండి అనుపల్లవికి వచ్చునప్పటికి తప్పినది. రాముని దయాశాలి, గుణశాలి, శాంతశాలి యని పొగడుటయే గాని, ఇంతకును రామునితో పాడువానికి వచ్చిన పని యేమో తెలియలేదు. మా భజనలో మృదంగము వాయించు పెద్దరైతు ఒకడు అంతయు విని, "బాగానే ఉందిరా అబ్బాయ్, ఇది యాడా ఊపిరి తీసుకోదేంరా!" అనెను. నిజమే. అనుపల్లవిలో నాలుగావర్తములు ఎడతెగక సాగిన స్వరములను పిల్లలు పాడలేక నడుమ ఆగుచుండిరి. ఊపిరి లేనిది కట్టిన పాటలో ఊపిరికి తావుండదు గదా!

అయినను అసలు వివాదము దీనిపై రాలేదు. ఆ కీర్తనను నవమి పందిరిలో త్యాగరాజకృతియని చెప్పి పాడెదనని వాడు పట్టుపట్టెను. వల దంటిని. అప్పుడు వాడు, "అయ్యవారూ, త్యాగయ్యగారి పేరుంటే నలుగురూ వింటారు. నా పేరు చెబితే ఎవరు వింటారు?" అనెను. ఈ మాటలో నిజము లేకపోలేదు. 1792లో పాచికలాటను అచ్చొత్తించినవారి లెక్కయు ఇదియే. కాని దీని ఫలితమెట్టిదో ఆలోచింపుడు. ఈ యేడు పందిరిలో పాడిన పాటను వచ్చు యేడు ప్రక్కయూరి భజనవారు నేర్చుకొందురు. పదియేండ్లకు ఎవరు కట్టినదో ఎవరికిని తెలియదు. చరణములో ముద్ర యున్నది గనుక అది త్యాగరాజకృతియే యగును. స్వామి ముద్రతో చలామణియగు కృతులలో ఇవి ఆయనవి, ఇవి కావు అని విద్వాంసులు తేల్చలేక వాదించుకొనునవి నేటికే కలవు. అవి ఏవో కొన్ని గనుక వాదమునకైనను తావున్నది. భోజనము చేసి వచ్చు నంతలో అయిదువేలు కట్టు యంత్రము మన చేతికి చిక్కినది. ఏడువందల నిజమైన కృతులు ఏడులక్షల దొంగకృతులనడుమ పడినచో, మన మనుమలు దేనిని త్యాగరాజు పాటయని పాడుదురు? నకిలీనాణెము అసలునాణెమును సంతనుండి తరిమివేయునని వర్తకు లెఱుగుదురు.

తుదకు వాడు నా మాట మన్నించెను. చరణమున త్యాగరాజనుత యను మాట తీసివేసి, ప్రాస సరిచేసి, ఊపిరికి రెండుచోట్ల విరామము కల్పించి, సంగతులను మూడింటికి తగ్గించి వరుసలో పెట్టెను. దీనికి రెండువారములు పట్టెను. అందుకొఱకు మోహనములో స్వామివారి కృతులు రెండు క్రొత్తగా నేర్చుకొనవలసి వచ్చెను. నవమినాటి రాత్రి, ఇది యంత్రము కట్టగా తాను దిద్దిన పాటయని ముందుగా చెప్పి పాడెను. జనము లేచిపోలేదు. మఱియొకసారి పాడుమని స్త్రీలు కొందఱు అడిగిరి కూడ.

మఱునాడు ఒక గృహస్థు నాయొద్దకు వచ్చి, ఫోనే పాట కట్టి, ఫోనే పాడుచుండగా తన కూతురు ఇంక పాఠమునకు వచ్చుట యెందుకని అడిగెను. పరిహాసమునకు కాదు, రుసుము చెల్లించుట ఆయనకు కష్టమే. నేను చెప్పిన సమాధాన మిది. ఆ కీర్తనలో ప్రాస తప్పినదని పట్టుకొన్నది మీ కూతురే. ఆరభిని దేవగాంధారినుండి వేఱుపఱచు చెవి ఆమెకు నాలుగేండ్లకు వచ్చినది. పాట ఎంత సులువుగా పుట్టునో, మంచి చెడ్డలు తెలిసిన చెవి అంత అవసరము. రత్నములు అరుదుగా దొరకు దినములలో ఊరికొక పరీక్షకుడు చాలును. గాజుపూసలు బండ్లకొలది వచ్చిపడునప్పుడు ఇంటికొక పరీక్షకుడు కావలెను. ఆయన తృప్తిపడెనో లేదో చెప్పలేను; బాలిక మాత్రము పాఠమునకు వచ్చుచున్నది.

మఱియొక ప్రశ్న మన తెలుగువారికే ప్రత్యేకమైనది. తాళ్లపాక అన్నమాచార్యులు 1408 మొదలు 1503 వఱకు జీవించి, ముప్పదిరెండువేల సంకీర్తనలు రచించిరని ప్రసిద్ధి. తిరుమల ఆలయమున రాగిరేకులపై దొరకినవి అందు సగమునకు లోపు. రేకులపై రాగముల పేర్లున్నవి, స్వరములు లేవు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలగు పండితులు వానిని పరిష్కరించిరి. రాళ్లపల్లివారును, తరువాత నేదునూరి కృష్ణమూర్తిగారు మొదలగు విద్వాంసులును వానికి వరుసలు కట్టిరి. నేడు మన ఇండ్లలో మ్రోగు అన్నమయ్యపాటల వరుసలు ఇరువదవ శతాబ్దపువి. ఇంకను వేలకొలది పాటలు మూగగా నున్నవి గదా, అన్నమయ్యబాణీని యంత్రము కనుగొని వానికి వరుసలు కట్టరాదా యని కొందఱు ఉత్సాహవంతులు అడుగుచున్నారు.

కట్టవచ్చును. కాని అది అన్నమయ్యబాణీ కాజాలదు. యంత్రము విన్నదానిని అనుకరించును. అన్నమయ్య వరుసను విన్నవారు ఎవరును లేరు. దానికి మన మీయగలిగినది ఇరువదవ శతాబ్దపు వరుసలే గనుక, అది రాళ్లపల్లివారిని, నేదునూరివారిని అనుకరించి, అన్నమయ్యయని పేరు పెట్టును. అంతేకాదు, రేకులపైనున్న రాగములలో కొన్ని నేడు వాడుకలో లేవు, కొన్నింటికి పేరు నిలిచి రూపము మాఱినది. పోయిన వరుస పోయినది. ఆ దుఃఖమును యంత్రముచేత కప్పిపుచ్చుకొనుటకంటె, ఫలానావారు ఫలానా యేట కట్టిన వరుసయని చెప్పి పాడుకొనుట గౌరవము.

అయినచో యంత్రమును వెలివేయవలెనా? నా యభిప్రాయ మది కాదు. గురువు లేని పల్లెలో శిష్యునకు శ్రుతి సరిచూపుటకును, పాత గ్రామఫోను పలకలలోని గీఱలశబ్దమును తొలగించి గతించిన విద్వాంసుల గొంతు వినిపించుటకును, ఒకే కృతికిగల పాఠాంతరములను ప్రక్కప్రక్కన పెట్టి చూపుటకును, అలంకారములను ప్రస్తరించి అభ్యాసమునకు ఇచ్చుటకును అది మంచి పనివాడు. మంచి పనివానికి యజమాని పేరు పెట్టుకొను అధికారము మాత్రము లేదు.

కావున మూడు విన్నపములు చేసి ముగించెదను. మొదటిది: యంత్రము కట్టిన పాటకు ఏ వాగ్గేయకారుని ముద్రయు వేయకుడు. ముద్ర మన సంగీతమున అలంకారము కాదు, అది సంతకము. ఒకరి సంతకము మఱియొకరు పెట్టినచో లోకమున దానికేమి పేరో మీరెఱుగుదురు. రెండవది: పాడుటకు ముందు, ఇది ఎవరు చేయించినది, ఎవరు దిద్దినది ఒక్క వాక్యములో సభకు చెప్పుడు, వ్రాసియుంచుకొను పుస్తకములోను అదియే వ్రాయుడు. ఎఱ్ఱన తన పేరు చెప్పుకొన్నందున ఆరణ్యపర్వమునకు లోపము రాలేదు. ఎఱ్ఱనకు కీర్తి వచ్చినది. మూడవది: యంత్రముచేత ఏ బాణీలో పాట కట్టింపదలచితిరో, ఆ బాణీలోని కృతి యొక్కటియైనను ముందుగా ఒక మనుష్యుని నోటనుండి, ఎదుట కూర్చుండి, నేర్చుకొనుడు. ఆ తరువాత యంత్రము ఏమి యిచ్చినను, దానిలో ఉంచవలసిన దేదో, త్రోసివేయవలసిన దేదో మీకే తెలియును.

సెలవు.